మట్టయ్య లాగిన ప్రత్యేక లైను

దిల్‌సుఖ్‌నగర్,
5 సెప్టెంబరు 2011

ఎల్బీనగర్ మట్టయ్య టెలిఫోన్ వర్క్స్ మట్టయ్య గారికి నమస్కారాలు.

మీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లు ఎవరూ ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తినవారు, బహుశా మీరే, "ఫోను ఖరాబైందని ఫోన్ల చెప్తే ఎట్ల? కాగితం మీద రాసి పంపుండ్రి" అని పెట్టేశారు. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ డిపార్టుమెంటులో పనిచేసిన మనిషికి ఫోనంటే ఇంత అపనమ్మకం ఉంటుందని నాకు తెలియదు. అవసరం నాది కాబట్టి రాస్తున్నాను.

నా పేరు కుసుమకుమారి. దిల్‌సుఖ్‌నగర్‌లో కుసుమ డయాగ్నస్టిక్ సెంటర్ నాది. తెనాలి నుంచి వచ్చి ఇరవై మూడేళ్ళయింది. ఒక అద్దె గదిలో, ఒక మైక్రోస్కోపుతో మొదలుపెట్టాను. ఈరోజు రెండంతస్తులు, పదకొండుమంది స్టాఫు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి, చెప్పుకుంటున్నాను. జులైలో కొత్త డిజిటల్ ఫోన్ల సిస్టం పెట్టించాను. ఇరవై నాలుగు ఫోన్లు. ఎవరు చేస్తున్నారో పేరు కనిపిస్తుంది. ఈ రోడ్డు మీద అలాంటిది మాదొక్కటే.

చిక్కు ఎక్కడంటే, మా గుండె పరీక్ష పెట్టె దగ్గర. మా దగ్గర గుండె డాక్టరు లేరు. డాక్టర్ ప్రసన్నకుమార్ గారు సికింద్రాబాద్‌లో ఉంటారు. పేషెంటు ఛాతీకి తీగలు తగిలిస్తే, ఆ పెట్టెకున్న మోడెం అనే చిన్న డబ్బా గుండె కొట్టుకోవడాన్ని ఫోను తీగలో పంపుతుంది. గీతల కాగితం మా దగ్గర రాదు, ఆయన టేబుల్ మీదే వస్తుంది. చూసి, రెండు నిమిషాల్లో ఫోన్ చేసి చెబుతారు. ఆరేళ్ళుగా ఎంతోమంది ఆ డబ్బా వల్ల బతికారు. ఇప్పుడు దాన్ని కొత్త డిజిటల్ సాకెట్లో పెట్టగానే టప్పుమని శబ్దం, మాడిన అప్పడాల వాసన. రెండోది తెప్పించాం. అదే టప్పు, అదే వాసన. సిస్టం అమ్మినతను "మీ మోడెం పాతది మేడం" అని వెళ్ళిపోయాడు. కొత్త వస్తువు పక్కన పాత వస్తువు బతకకూడదా? పిన్ను చక్కగా దూరుతోంది కదా?

త్వరగా వచ్చి చూడగలరు.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క.: మూడో మోడెంకు మా రిసెప్షన్ నాగేశ్వరి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి మరీ సాకెట్లో పెట్టింది. వాసన మారింది గానీ ఫలితం మారలేదు.

*

ఎల్బీనగర్,
7-9-2011

సూచిక: తమరి 5వ తేదీ లేఖ, ఆటో లచ్చయ్య ద్వారా అందినది.

శ్రీమతి కుసుమకుమారి మేడం గారి సముఖమునకు, మట్టయ్య నమస్కరించి తెలియజేయునది ఏమనగా.

మోడెం గొంతుతో పనిచేయు వస్తువు. అది కీచుమని కూత పెట్టి, ఆ కూతలోనే సంగతి చెప్పును. తమరి డిజిటల్ సిస్టం లోపలి తీగల్లో గొంతు ఉండదు, అంకెలు ఉండును. పైగా ఫోన్లకు కావలసిన కరెంటు సైతం అదే తీగలో పారును. సాకెట్టు కొలత ఒక్కటే గనుక పిన్ను దూరును. దూరిన పిమ్మట మోడెం చచ్చును. ఇందులో మోడెం తప్పు లేదు, సిస్టం తప్పు లేదు, అమ్మినవాడు చెప్పకపోవుట తప్పు.

దీనికి ఒక్కటే మార్గము. మోడెంకు ప్రత్యేక లైను ఇవ్వవలెను. ఇరవై నాలుగింటితో కలిపి ఉంచినంతకాలం దానికి బతుకు లేదు. దాని లైను దానికి ఇచ్చినచో ఎవరితోనూ పేచీ లేకుండా బాగుపడును. ఇది నేను ముప్పై నాలుగేళ్ళ నుండి చెప్పుచున్న మాట.

తమ విధేయుడు,
మట్టయ్య
లైన్‌మన్ (రిటైర్డ్)

తా.క.: ఆఫీసు ఉత్తరం అయిపోయింది. ఇగ నా మాట. మూడింటిని సంపిండ్రు, నాలుగోది తేకుండ్రి, జర ఆగుండ్రి. నిమ్మకాయ తీగలకు కట్టొద్దు, పులుపుకు రాగి పచ్చబడతది. దాన్ని షర్బత్ చేసుకోని తాగుండ్రి.

*

దిల్‌సుఖ్‌నగర్,
9 సెప్టెంబరు 2011

మట్టయ్య గారికి,

నమస్కారం. మీ ఉత్తరాన్ని మావారు మల్లికార్జునరావు గారు హాల్లో గట్టిగా చదివారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. "ప్రత్యేక" అన్న మాట దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. "కలిపి ఉంచినంతకాలం బతుకు లేదు" దగ్గర కుర్చీలోంచి లేచారు.

నేను మోడెం సంగతి అడిగితే మీరు రాష్ట్రం సంగతి రాశారు. ఊరంతా ఇదే మాట నడుస్తోందని నాకూ తెలుసు. కానీ ఒక చిన్న డబ్బా మాడిపోతే కూడా అందులో మీకు ఉద్యమమే కనిపించిందా? మేమిక్కడ ఇరవై మూడేళ్ళుగా ఉంటున్నాం. మా అమ్మాయి అమల ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకుంది. మాకూ ఈ ఊరి నీళ్ళే, ఈ ఊరి దుమ్మే. మమ్మల్ని విడిగా ఉండమని చెప్పడానికి టెలిఫోన్ తీగను అడ్డం పెట్టుకోనక్కరలేదు.

మా సెంటర్లో ఇరవై నాలుగు ఫోన్లూ కలిసే ఉంటాయి. మోడెం కూడా వాటితో కలిసే ఉంటుంది. ఎలా ఉంచాలో తెలిస్తే చెప్పండి. లేదా ఆ మాట రాసి పంపండి, ఇంకొకరిని చూసుకుంటాం.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క.: "ఎవరితోనూ పేచీ లేకుండా బాగుపడును" అన్నచోట మావారు ఎర్ర సిరాతో గీత గీశారు. ఆయన ముందు తప్పని గీత గీసి, తప్పెక్కడుందో తర్వాత వెతుకుతారు. రెండు రోజులుగా వెతుకుతూనే ఉన్నారు.

*

ఎల్బీనగర్,
11-9-2011

సూచిక: తమరి 9వ తేదీ కోపము.

మేడం గారికి మట్టయ్య నమస్కరించి మనవి చేయునది.

ప్రత్యేక లైను అనునది డిపార్టుమెంటు మాట. ఏ రాష్ట్రమైనా, ఏ ప్రభుత్వమైనా మోడెంకు అదే కావలెను. సిస్టం గుండా పోకుండా, స్తంభం నుండి నేరుగా వచ్చు పాతకాలపు లైను అని దాని అర్థము. నేను తమరి సెంటరుకు తీగ పంపుదునంటిని, జెండా పంపుదుననలేదు. నా చేతి జాయింటు ఊడినదని ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కంప్లయింటు రాలేదు. అటువంటి నన్ను ఇంకొకరితో పోల్చుట నాకు బాధ కలిగించినది.

కొత్త లైనుకు దరఖాస్తు పెట్టిన చాలా రోజులు పట్టును. తమరి ఇంట పాత లైను ఏదైనా ఉన్నచో దానినే కిందికి లాగెదను. రెండో విషయం ముఖ్యమైనది. వెయిటింగ్ తీసివేయవలెను. వెయిటింగ్ ఉన్నచో గుండె సంగతి పోవుచుండగా మధ్యలో ఎవరో ఒకరు వచ్చి పిలుతురు, అంతటితో గీత తెగును. నేను వచ్చులోగా ఈ పని జరిగి ఉండవలెను.

తమ విధేయుడు,
మట్టయ్య
లైన్‌మన్ (రిటైర్డ్)

తా.క.: మీరే ఆ మాట ఎత్తిండ్రు గనుక చెప్తున్న. తెలంగాణ గూడ కావాలె. కని గది వేరే ఉత్తరం, దాన్ని గీ ఫైల్ల పెట్టకుండ్రి.

*

దిల్‌సుఖ్‌నగర్,
21 సెప్టెంబరు 2011

మట్టయ్య గారికి,

నమస్కారం. పదమూడో తేదీ నుంచి తెలంగాణ కోసం సమ్మె. మొన్నటి నుంచి బస్సులు కూడా లేవు. లచ్చయ్య ఆటో తిరుగుతోంది కాబట్టి ఈ ఉత్తరం మీకు చేరుతుంది.

మీరు చెప్పినట్టే వెయిటింగ్ తీసేశాం. పదహారు కుర్చీలు, టీవీ, నీళ్ళ ఫిల్టరు అన్నీ డాబా మీదికి ఎక్కించాం. హాలు ఖాళీ. పేషెంట్లు మెట్ల మీద వరసగా కూర్చుంటున్నారు. ఒక పెద్దాయన పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చి, "కూసునే జాగ లేదు, గిదేం దవాఖాన?" అని నాగేశ్వరిని కడిగేశారు. "మధ్యలో ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారు" అని మీరు రాసింది మాత్రం నిజమే. పిలుస్తూనే ఉంటారు. అయితే కుర్చీలకీ గుండె గీతకీ ఏమిటి సంబంధమో నాకు అంతుపట్టలేదు. మీరు పెద్దవారు, తెలిసినవారు, అందుకని అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. సోమవారం పొద్దున పెద్ద అంబర్‌పేట్ నుంచి ఒక కుట్టుమిషన్ టీచరమ్మ ఛాతీలో నొప్పితో వచ్చింది. మోడెం ఉంటే రెండు నిమిషాల పని. లేదు కాబట్టి ఆమెను లచ్చయ్య ఆటోలో పడుకోబెట్టి సికింద్రాబాద్ పంపాను. దారి పొడవునా రాస్తా రోకోలు. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నేను కుర్చీల్లేని ఆ హాల్లో నిలబడే ఉన్నాను. ఇరవై మూడేళ్ళలో నా సెంటరంటే నాకే సిగ్గనిపించింది ఆ ఒక్కరోజే. చివరికి అది గ్యాస్ నొప్పని తేలింది. ప్రతిసారీ గ్యాస్ నొప్పే అవదు కదా.

మీది ప్రత్యేకమో, విడిదో, దాన్నేమంటారో నాకు అనవసరం. వచ్చి ఆ లైను వేయండి.

పాత లైను మేడ మీద ఉంది. అది మావారిది. నాలుగేళ్ళు ఎదురుచూస్తే తొంభై మూడులో వచ్చింది. రోజూ సాయంత్రం దానిలోనే తెనాలిలో ఉన్న వాళ్ళన్నయ్య రామారావు గారితో మాట్లాడతారు. "నా లైను జోలికి రావద్దు" అని వారం రోజులు భీష్మించారు. సోమవారం సాయంత్రం మాత్రం ఎవరూ అడక్కుండానే ఆయనే ఆ ఎర్ర ఫోను ఊడదీసి పట్టుకొచ్చి, నా టేబుల్ మీద పెట్టి, "వాడుకో" అన్నారు.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క.: వాడుకోమన్నారు గానీ, రాత్రి భోజనం దగ్గర ఒక షరతు పెట్టారు. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరికీ గుండెనొప్పి రాకూడదట.

*

ఎల్బీనగర్,
22-9-2011

మేడం గారికి మట్టయ్య నమస్కరించి అత్యవసరముగా తెలియజేయునది.

కుర్చీలు దించుడు. వెయిటింగ్ అనగా ఫోనులోని సౌకర్యము. ఒకరు మాట్లాడుచుండగా రెండోవారు ఫోన్ చేసినచో కుయ్యి కుయ్యిమని వచ్చు శబ్దము. ఆ కుయ్యి పడినచో మోడెం కూత చెడి గీత తెగును. దానిని ఫోనులోనే నాలుగు నంబర్లు నొక్కి తీసివేయవచ్చును. వివరముగా రాయకపోవుట నా తప్పు. మెట్ల మీద కూర్చున్న పేషెంట్లకు నా క్షమాపణలు చెప్పగలరు. ముఖ్యముగా పరగడుపున వచ్చిన పెద్దాయనకు.

టీచరమ్మ సంగతి చదివి నాకు ముద్ద దిగలేదు. ఆదివారం పొద్దున వచ్చుచున్నాను. బస్సులు లేకున్నను కాళ్ళు ఉన్నవి. మాస్టారు గారి లైను పరువు తగ్గకుండా కిందికి దించెదను.

తమ విధేయుడు,
మట్టయ్య
లైన్‌మన్ (రిటైర్డ్)

తా.క.: మీకు నిజంగనే కుర్చీలు అక్కర లేకుంటే, రింగ్ రోడ్డు కాడ మా దీక్ష శిబిరంల కూసునేటందుకు లెవ్వు. అడిగి చూడమన్నరు, అడిగిన. తప్పైతే ఇడిసిపెట్టుండ్రి.

*

దిల్‌సుఖ్‌నగర్,
25 సెప్టెంబరు, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర

మట్టయ్య అన్నయ్యగారికి,

నోటితో చెబితే మీరు వినరని మావారు అన్నారు. అందుకే రాసి, ఆయన చేతికే ఇచ్చి కారులో పంపుతున్నాను. చదవగానే కారెక్కండి.

మీరు లైను వేశాక పేషెంట్లెవరూ లేరని, "మొదలు నా గుండెతోనే పోవాలె" అని మీరే బల్ల మీద పడుకున్నారు కదా. ఆదివారం కాబట్టి కాగితం ఆలస్యంగా చూసి, మీరు బయల్దేరిన కాసేపటికి డాక్టర్ ప్రసన్నకుమార్ గారు ఫోన్ చేశారు. "ఇది ఎవరిది? ఆ మనిషి ఎక్కడున్నాడు?" అని అడిగారు. లైను కొత్తది, ఏదో తేడా ఉండుంటుందన్నాను. "తేడా లైనులో ఉందా గుండెలో ఉందా తేల్చుకుంటూ కూర్చునే టైం లేదు, ముందు మనిషిని పంపండి" అన్నారు.

ఇరవై రోజులు సరైన లైను కోసం మిమ్మల్ని వేధించాను. ఈ ఒక్కరోజుకు మీ లైను తప్పని తేలితే చాలు. ఇరవై నాలుగు ఫోన్లూ పీకేసి మళ్ళీ మీచేతే పెట్టిస్తాను. అండాలమ్మ వదినగారిని కూడా వెంట తీసుకెళ్ళండి.

మీ చెల్లెలు,
కుసుమ

తా.క.: ఇది రాతపూర్వకంగానే ఉంది. సాకులు చెప్పకండి.

*

ఎల్బీనగర్,
5-10-2011

చెల్లెలు కుసుమకుమారికి,

మట్టయ్య ఆశీర్వదించి రాసేది. ఎక్కువ శ్రమ పడవద్దని డాక్టర్ గారు చెప్పారు, అందుకని ఈసారి "ఏమనగా"లు లేవు. మొన్న ఇంటికి వచ్చాను. బాగున్నాను. ఆ రోజు ఏం జరిగిందో మాస్టారు మీకు సగమే చెప్పి ఉంటారు. మిగతా సగం నేను రాస్తాను.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మీ కారు ఆగింది. ఉత్తరం చదివాను. గుండె మాట నాకు ఎక్కలేదు. "లైను తప్పని తేలితే" అన్న చోటే ఆగిపోయాను. ఒళ్ళు మండింది. నా భార్య అండాలమ్మను కాగితం, పెన్ను తెమ్మని, లైను తప్పు కాదని బదులు రాయడానికి కూర్చున్నాను. మాస్టారు గుమ్మంలోనే నిలబడి, "బదులు కారులో రాయండి మట్టయ్యగారూ" అన్నారు. అండాలమ్మ నా కాళ్ళకు చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కారులో కూర్చోబెట్టింది.

చైతన్యపురి దాటేదాకా వాదిస్తూనే ఉన్నాను. తీగ కొత్తది, జాయింట్లు రెండే, రెండూ నేను వేసినవే, మూడుసార్లు చూశానన్నాను. మాస్టారు అంతా విని, బండి నడుపుతూనే క్లాసులో చెప్పినట్టు చెప్పారు.

"మీ లైను సరైనదైతే గుండెలో తేడా ఉన్నట్టు. గుండె సరైనదైతే లైను తప్పయినట్టు. రెండూ సరైనవి కావడానికి లెక్క ఒప్పుకోదు. ఏది ఒప్పుకుంటారో చెప్పండి."

ఆలోచించాను. నా జాయింటుకు ముప్పై నాలుగేళ్ళ రికార్డు ఉంది. గుండెకు ఏ రికార్డూ లేదు. అరవై రెండేళ్ళలో దాన్ని ఎవరూ చెక్ చేయలేదు.

"గుండెదే తప్పు సార్" అన్నాను.

అనేసి గర్వంగా వెనక్కి తిరిగి చూశాను. వెనక సీట్లో అండాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "నీ లైను పాడుగాను, తప్పని ఒప్పుకోరాదు" అంది. అప్పుడు నాకు తెలిసొచ్చింది, నేను ఒప్పుకున్నది ఏమిటో. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాను. కొట్టుకుంటూనే ఉంది. కానీ దాన్ని నమ్మబుద్ధి కాలేదు.

మూసారాంబాగ్ వంతెన దగ్గర టైర్లు, రాళ్ళు అడ్డం పెట్టి రాస్తా రోకో. మా శిబిరం వాళ్ళు కాదు, నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. కారు చుట్టూ మూగారు. నేను దిగబోతే మాస్టారు నా భుజం పట్టి కూర్చోబెట్టి, ఆయనే దిగారు. తెల్ల ప్యాంటు, చేతిలో కళ్ళజోడు. వాళ్ళ పెద్ద, అంతయ్య అట, వచ్చి నిలబడ్డాడు. మాస్టారు ఏదో చెప్పారు. అంతయ్య వంగి అద్దంలోంచి నన్ను చూసి, "టైర్లు తీయిండ్రిరా, పెద్దమనిషికి పాణం బాగలేదు" అని అరిచాడు. ఇద్దరు కారు ముందు పరుగెత్తుతూ వంతెన అవతలిదాకా రాళ్ళు తీసి పెట్టారు. వెళ్ళేటప్పుడు అండాలమ్మ చేతికి ఒక నీళ్ళ ప్యాకెట్ ఇచ్చారు.

ఆసుపత్రిలో మళ్ళీ తీగలు పెట్టి చూశారు. ఫోనులో పోయిన గీతే మళ్ళీ వచ్చింది, ఒంపు కూడా తేడా లేకుండా. రెండు నాళాలు మూసుకున్నాయట. ఆ సాయంత్రమే చిన్న స్ప్రింగులు వేసి తెరిచారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టర్ ప్రసన్నకుమార్ గారు అన్నారు.

తెల్లారి ఆయన చూడటానికి వచ్చినప్పుడు అడిగాను. "ఎట్ల వచ్చింది సార్?"

"గుండె పరవాలేదు."

"గుండె గాదు సార్, ఫోన్ల వచ్చిన గీత."

ఆయన ఫైల్లోంచి ఆ కాగితం తీసి చూశారు. తర్వాత, "అద్దంలా వచ్చింది. ఫోన్‌లో ఇంత శుభ్రంగా వచ్చిన గీత నేను చూడలేదు" అన్నారు. పక్కన నర్సమ్మ కూడా విన్నది. సాక్ష్యం ఉంది. ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తున్నాను. వాళ్ళు "అయ్యో" అంటారు. గుండెను కాదు, గీతను చూడండంటాను. ఎక్కడా వణకలేదు, ఎక్కడా తెగలేదు. నా గుండె అబద్ధమాడినా నా లైను ఆడలేదు.

మీ ఉత్తరంలో ఒక్క మాటకు మాత్రం జవాబు బాకీ ఉన్నాను చెల్లె. లైను తప్పు కావాలని మీరు కోరుకున్నారు. ముప్పై నాలుగేళ్ళలో ఆ కోరిక కోరినవాళ్ళు మీరొక్కరే. చదివిన రోజు కోపం వచ్చింది. ఆసుపత్రి మంచం మీద మళ్ళీ చదివితే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. అండాలమ్మకు చూపించలేదు.

మాస్టారుకు చెప్పండి, ఏడు నుంచి ఎనిమిది షరతు ఆ లైనుకు చెల్లదు. రామారావు గారితో మాట్లాడుకోవడానికి ఆయనకు ఇంకో లైను నేనే లాగుతాను. డాక్టర్ గారు నిచ్చెన ఎక్కనిచ్చిన రోజున.

ఇట్లు,
మీ అన్న,
మట్టయ్య

తా.క.: వంతెన కాడ దిగి సార్ ఏమన్నడో మీకు చెప్పనని ఆయనకు మాట ఇచ్చిన. రాయనని ఇయ్యలే. "జై తెలంగాణ" అన్నడు. ఎవ్వరు అడగలే చెల్లె, పాణం బాగలేని మనిషి ఉన్నడంటే వాళ్ళు ఎట్లనన్న దారి ఇద్దురు. అయినా అన్నడు. వంతెన దాటినంక, ఎవ్వరు లేని కాడ, ఇంకోసారి గూడ అన్నడు.